అకాలీ ఫూలా సింగ్ జీ: సింహాసనాన్ని నిలదీసిన సేవకుడు

ఇనుము సంగతి మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. ఎంత మంచి ఉక్కుతో చేసిన కత్తి అయినా ఒరలో పెట్టి ఏడాదిపాటు ముట్టకుండా వదిలేస్తే తుప్పు పడుతుంది. అది శత్రువు కొట్టిన దెబ్బ వల్ల కాదు, ఎవరూ తీసి చూడకపోవడం వల్ల. అందుకే మన పూర్వికుల పనికి అంత విలువ ఉండేది. సైకల్ అంటే మెరుగు పెట్టడం. సిక్లీగర్ అంటే ఆ మెరుగు పెట్టేవాడు. గురు దర్బారు ఆయుధాలకు మెరుగు పెట్టిన వంశాలు మనవని మన పెద్దలు చెబుతూ వచ్చారు.

అధికారం కూడా కత్తి లాంటిదే. దానిని ఎప్పటికప్పుడు వెలుగులోకి తీసి చూసేవాడు, మరక కనిపిస్తే రుద్దేవాడు ఉండాలి. అలాంటివాడు లేకపోతే మంచివాడి చేతిలోని అధికారానికి కూడా తుప్పు పడుతుంది. ఆ తుప్పు రాజు ఇంట్లో మొదలై కూలివాడి పొయ్యి దాకా వస్తుంది. ఈ మాట ఊరికే అనడం లేదు. మన పంథ్ చరిత్రలోనే ఇది జరిగింది. పంజాబ్ మహారాజాను పిలిచి తప్పు ఒప్పుకోమన్న అకాలీ ఫూలా సింగ్ జీ జీవితాన్ని, ఆయన పోయిన తరువాత ఆ రాజ్యానికి పట్టిన గతిని ఈ చిన్న పుస్తకంలో చెప్పుకుందాం. ఇంట్లో చదవడం రాని పెద్దలు ఉంటే వారికి వినిపించండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి.

గురు ఘర్ నేర్పిన మర్యాద

ఫూలా సింగ్ జీ ధైర్యం ఆయన సొంతంగా కనిపెట్టుకున్నది కాదు. అది గురు ఘర్ నేర్పిన మర్యాద. శ్రీ గురు నానక్ దేవ్ జీ తమ కాలపు పాలకుల దౌర్జన్యాన్ని, లంచం తిని తీర్పులు చెప్పే న్యాయాధికారులను తమ వాణిలో మొహమాటం లేకుండా ఎత్తి చూపారు.

తరువాత మన ఇంట్లోనే ఒక పరీక్ష వచ్చింది. దూర దూరాల సంగత్‌ల నుంచి దస్వంధ్ సేకరించి గురు దర్బారుకు చేర్చడానికి మసంద్‌లు అనే ప్రతినిధులు ఉండేవారు. మొదటి తరాలలో వారు నమ్మకంగా సేవ చేశారు. కాలం గడిచేకొద్దీ ఆ పదవి తండ్రి నుంచి కొడుక్కి వారసత్వంగా పోసాగింది. లెక్క అడిగేవారు దూరంలో ఉన్నారు, డబ్బు చేతిలో ఉంది. సంగత్ ఇచ్చినది కొంత సొంత ఇంటికి చేరింది. కొందరు మసంద్‌లు తామే గురువులమన్నట్టు పేదలచేత కాళ్లు మొక్కించుకున్నారు. శ్రీ గురు గోబింద్ సింగ్ జీ ఆ వ్యవస్థనే రద్దు చేశారు. ఇద్దరు ముగ్గురు చెడ్డవాళ్లను తీసేసి ఊరుకోలేదు. చెడిపోయే వీలు ఉన్న ఏర్పాటునే తీసేశారు. ఇది మనం గుర్తు పెట్టుకోవలసిన సంగతి.

1699 వైశాఖిలో ఖాల్సాను సృష్టించి, పంజ్ ప్యారేలకు అమృతం ఇచ్చి, తామే వారి ముందు నిలబడి అమృతం అడిగి తీసుకున్నారు. మరో సంగతి కూడా మన సంప్రదాయంలో చెప్పుకుంటారు. దక్షిణానికి వస్తున్న దారిలో, రాజస్థాన్‌లోని నరైణా దగ్గర, గురు సాహిబ్ దాదూ సాధువు సమాధికి బాణంతో నమస్కారం చేశారు. సిక్కులు వెంటనే తప్పు పట్టారు. సిక్కులు జాగ్రత్తగా ఉన్నారా లేదా అని చూడడానికే అలా చేశానని గురు సాహిబ్ సంతోషించి, వారు వేసిన 125 రూపాయల తన్‌ఖాహ్ చెల్లించారు. గురువే జవాబు చెప్పిన పంథ్‌లో ఇక జవాబు చెప్పనక్కరలేని మనిషి ఎవరు?

యుద్ధం మధ్య పుట్టిన బిడ్డ

ఫూలా సింగ్ జీ 1761లో నేటి సంగ్రూర్ జిల్లా ప్రాంతంలోని శీహాఁ గ్రామంలో పుట్టారు. తండ్రి ఈశర్ సింగ్ నిషాన్‌వాలీ మిసల్‌లో యోధుడు. మరుసటి ఏడాది, 1762 ఫిబ్రవరిలో, అహ్మద్ షా అబ్దాలీ సైన్యం వేల మంది సిక్కులను, స్త్రీలనూ పిల్లలనూ కూడా, ఊచకోత కోసింది. దానినే వడ్డా ఘల్లూఘారా అంటారు. ఆ పోరులో తగిలిన గాయాలతో ఈశర్ సింగ్ ప్రాణం విడిచారు. పోయేముందు పిల్లల భారం శహీదాఁ మిసల్‌కు చెందిన బాబా నారాయణ్ సింగ్ జీకి అప్పగించారు.

తండ్రి ముఖం గుర్తు లేని పిల్లవాడు బాబా జీ నీడలో పెరిగాడు. పదేళ్లు వచ్చేసరికి నిత్‌నేమ్ బాణీలు నోటికి వచ్చేశాయి. గుర్రపు స్వారీ, కత్తి పని, లంగర్ సేవ అన్నీ కలిసే నేర్చుకున్నాడు. ఆనంద్‌పూర్ సాహిబ్‌లో అమృతం తీసుకుని నిహంగ్ బాణా ధరించాడు. తల్లి కూడా పోయాక ఇంటి ఆస్తి పంచి ఇచ్చేసి, జీవితం మొత్తం పంథ్ సేవకే ఇచ్చారు. పెళ్లి చేసుకోలేదు. కొడుక్కి మిగల్చాలన్న ఆలోచన, కూతురి పెళ్లికి దాచాలన్న ఆలోచన ఆయనకు లేవు. సంసారం తప్పని మనం చెప్పడం లేదు. సిక్కు ధర్మం గృహస్థుల ధర్మమే. కానీ ఆయన దగ్గర రాజు కొనగలిగిన వస్తువు ఏదీ లేదని గమనించండి. ఏమీ ఆశించనివాడిని బెదిరించడమూ కష్టమే, కొనడమూ కష్టమే.

అమృత్‌సర్‌లో

1800 ప్రాంతంలో ఆయన అమృత్‌సర్ చేరారు. గురుద్వారాల నిర్వహణ చక్కబెట్టారు. తరువాత శ్రీ అకాల్ తఖ్త్ సాహిబ్ జథేదార్ అయ్యారు.

అప్పటికి పంజాబ్ మారుతోంది. 1780లో పుట్టిన రణ్‌జీత్ సింగ్ పద్దెనిమిదేళ్ల వయసులో, 1799లో, లాహోర్ పట్టుకున్నారు. 1801లో మహారాజా అయ్యారు. ఆయనలో గొప్ప గుణాలు ఉన్నాయి. తన పేరు మీద కాక గురువుల పేరు మీద నాణేలు వేయించారు. తన ప్రభుత్వాన్ని ఖాల్సా సర్కార్ అని పిలిపించుకున్నారు. హిందువులకూ ముస్లింలకూ పెద్ద పదవులు ఇచ్చారు. ఈ రోజు మనం నాందేడ్ వెళ్లి తల వంచే తఖ్త్ శ్రీ హజూర్ సాహిబ్ కట్టడం 1832 నుంచి 1837 వరకు జరిగింది. దానికి ధనం పంపింది ఆ మహారాజే. కాబట్టి ఈ కథలో ఆయన దుర్మార్గుడు కాదు. మంచివాడు కాబట్టే ఈ కథ మనకు అవసరం.

1802లో మహారాజా సైన్యం అమృత్‌సర్ మీదికి వచ్చింది. నగరం అప్పుడు భంగీ మిసల్ చేతిలో ఉంది. ఆ మిసల్ సర్దార్ పోవడంతో ఆయన భార్య మాయీ సుక్కాఁ, చిన్న కొడుకు మిగిలారు. గురు నగరంలో సిక్కులు సిక్కుల మీద తుపాకులు ఎత్తారు. ఫూలా సింగ్ జీ ఇద్దరి మధ్య నిలబడి మాట్లాడారు. నగరం మహారాజాకు దక్కింది, ఆ తల్లీ కొడుకులకు బతుకుతెరువుగా జాగీరు దక్కింది. పెద్ద రక్తపాతం తప్పింది. బలవంతుడు గెలిచినా బలహీనుడు వీధిన పడకూడదన్న పట్టుదల అందులో ఉంది.

అయితే ఇంకొక మార్పు నెమ్మదిగా జరిగింది. మిసల్‌ల కాలంలో పంథ్ మొత్తానికి సంబంధించిన పెద్ద నిర్ణయాలు అకాల్ తఖ్త్ ముందు సర్బత్ ఖాల్సాగా కూడి, గుర్మతాగా తీసుకునేవారు. 1805లో మరాఠా సర్దార్ జస్వంత్ రావ్ హోల్కర్ ఆంగ్లేయుల నుంచి తప్పించుకుని సహాయం కోరి వచ్చినప్పుడు అలా కూడారు. ఆ తరువాత మహారాజా కాలంలో ఆ కూటమి మళ్లీ జరగలేదు. నిర్ణయాలు దర్బారులోనే అయిపోసాగాయి. పదిమంది కూడి అడిగే అలవాటు పోయింది. నిలదీసే పని ఒక్క మనిషి ధైర్యం మీద మిగిలింది.

చింతచెట్టు దగ్గర

ఆ ధైర్యాన్ని చూపే సంఘటన మన ఇళ్లలో తరతరాలుగా చెప్పుకుంటున్నదే. మహారాజా యవ్వనంలో మోరాఁ అనే నర్తకిని మెచ్చి పెళ్లి చేసుకున్నారు. ఖాల్సా రహిత్ మర్యాదను రాజు దాటాడన్న మాట సంగత్‌లో పుట్టింది. సామాన్యుడు చేసి ఉంటే అకాల్ తఖ్త్ పిలిచేది. చేసింది మహారాజా. ఆయన దగ్గర ఫిరంగులు ఉన్నాయి, ఖజానా ఉంది, దర్బారులో ఆయన నవ్వితే నవ్వే వాళ్లు వందలమంది ఉన్నారు. సర్దార్లు నోరు మూసుకున్నారు.

ఫూలా సింగ్ జీ అకాల్ తఖ్త్ నుంచి పిలుపు పంపారు. మహారాజా వచ్చారు. చేతులు కట్టుకుని సంగత్ ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నారు. అకాల్ తఖ్త్ ఎదుట ఉన్న చింతచెట్టుకు కట్టి కొరడా దెబ్బలు కొట్టాలని తీర్పు వచ్చింది. మహారాజా వీపు చూపి నిలబడ్డారు. ఆ వినయం చూసి సంగత్ కళ్లు చెమర్చాయి. క్షమించమని సంగతే అడిగింది. దెబ్బలు ఎన్ని పడ్డాయి, అసలు పడ్డాయా లేదా అన్న దగ్గర కథ చెప్పేవారు వేరు వేరుగా చెబుతారు. పిలిస్తే మహారాజా వచ్చి తల వంచారన్న దగ్గర మాత్రం అందరూ ఒక్కటే చెబుతారు.

ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. మొదటిది, ఈ కథ చెప్పేటప్పుడు కొందరు మోరాఁను, ఆమె పుట్టుకను, ఆమె మతాన్ని తిట్టిపోస్తారు. అది మన పని కాదు. తఖ్త్ ముందు నిలబడింది ఆమె కాదు, అధికారం ఉన్నవాడు. తప్పు రాజుదైతే పక్కనున్న ఆడమనిషిని నిందించడం కూడా అధికారానికి భయపడడమే. రెండవది, ఆ రోజు మహారాజా తల వంచడం వల్ల ఆయన గౌరవం తగ్గలేదు, పెరిగింది. శిక్షకు నిలబడిన రాజు మాట మీద మనుషులు తరువాత కాబూల్ నది దాకా నడిచారు.

దర్బారుకు దూరం

రాజ్యం పెరిగేకొద్దీ దర్బారులో కొత్త మనుషులు చేరారు. పొగడ్త పెరిగింది. ఫూలా సింగ్ జీ మహారాజాకు ముఖం మీదే చెప్పి, 1814లో అమృత్‌సర్ వదిలి ఆనంద్‌పూర్ వెళ్లిపోయారు. అక్కడ జింద్ రాజకుటుంబంలో ఆంగ్లేయుల నిర్ణయానికి ఎదురు తిరిగిన ప్రతాప్ సింగ్ వచ్చి శరణు కోరితే ఇచ్చారు. ఆయనను వెళ్లగొట్టమని ఆంగ్లేయులు ఒత్తిడి తెచ్చారు. పంపిన సైనికులకు అకాలీల మీద చెయ్యి ఎత్తడానికి మనసు రాలేదు. చివరికి మహారాజా గౌరవంగా పిలిపించుకుంటేనే ఆయన తిరిగి వచ్చారు.

ఆయన చేసినదంతా మనం కళ్లు మూసుకుని మెచ్చుకోవాలని అనడం లేదు. 1809లో ఆంగ్లేయ దూత మెట్కాఫ్ అమృత్‌సర్‌లో ఉన్నప్పుడు, ఆయన వెంట వచ్చిన ముస్లిం సిపాయిలు ముహర్రం ఊరేగింపు జరిపారు. అకాలీలు వారి మీద పడ్డారు. మహారాజా స్వయంగా వచ్చి ఆ గొడవ ఆపవలసి వచ్చింది. ఇంకొకరి పండుగ మీద చెయ్యి చేసుకోవడం గురు ఘర్ దారి కాదు. ధర్మం పేరుతో చేతికి వచ్చిన బలం కూడా బలమే. దానికీ కళ్లెం కావాలి. గురువులను తప్ప ఎవరినీ తప్పులేనివారిగా చూడనక్కరలేదు. ఫూలా సింగ్ జీని అలా చూస్తే ఆయన పాఠమే మనం మరిచినట్టు.

నౌషెహ్రా

రాజుతో వాదించిన మనిషే రాజ్యానికి ఆపద వస్తే ముందు నిలబడ్డారు. 1807 కసూర్ యుద్ధంలో, 1818 ముల్తాన్ ముట్టడిలో, 1819 కాశ్మీర్ దండయాత్రలో ఆయన, ఆయన నిహంగులు ముందు వరుసలో ఉన్నారు.

1823 మార్చి 14న నౌషెహ్రా దగ్గర ఆఫ్ఘన్ సైన్యంతో పెద్ద యుద్ధం జరిగింది. అర్దాస్ అయిపోయింది. అంతలో శత్రువుకు అదనపు బలం వచ్చిందని కబురు వచ్చింది. ఫిరంగులు చేరేదాకా ఆగుదామని మహారాజా అనుకున్నారు. అర్దాస్ చేసిన తరువాత వెనక్కి తగ్గకూడదని ఫూలా సింగ్ జీ తన దళంతో కదిలారు. గుర్రం గుండు దెబ్బకు పడిపోతే ఏనుగు ఎక్కి ముందుకు వెళ్లారు. ఆ రోజు మహారాజా సైన్యం గెలిచింది. ఫూలా సింగ్ జీ శరీరం గుండ్లతో తూట్లు పడి అక్కడే శహీదీ పొందారు. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది. అక్కడే నది ఒడ్డున ఆయన సమాధి కట్టారు.

తాము తప్పు చేసినప్పుడు తిట్టిన మనిషి పోతే లోపల హమ్మయ్య అనుకునేవారు చాలామంది ఉంటారు. మహారాజా రణ్‌జీత్ సింగ్ అలాంటివారు కాదు. ఆ లోటు ఆయనకు తెలుసు. తరువాతి కాలంలో హైదరాబాద్ నిజాం ఆయనకు ఎంతో విలువైన చాందినీ కానుకగా పంపితే, అంతటి వైభవం తనకు తగదని దానిని దర్బార్ సాహిబ్‌కు సమర్పించుకున్నారు. ఆ భయభక్తులు ఆయనతో చివరిదాకా ఉన్నాయి. కానీ అవి ఆయన వారసులకు సంక్రమించే ఆస్తి కాదు.

తుప్పు ఎలా పాకింది

మహారాజా 1839 జూన్ 27న కన్నుమూశారు. ఆ తరువాత ఆరేళ్లలో జరిగినది చదువుతుంటే గుండె బరువెక్కుతుంది.

కొత్త మహారాజా ఖడక్ సింగ్‌కు దగ్గరివాడైన చేత్ సింగ్‌ను నాలుగు నెలలు గడవకముందే రాజభవనంలోనే చంపారు. 1840 నవంబరులో ఖడక్ సింగ్ పోయారు. తండ్రి అంత్యక్రియల నుంచి తిరిగి వస్తున్న కొడుకు నౌ నిహాల్ సింగ్ మీద కోట ద్వారం కమాను కూలి ఆయనా పోయారు. 1842లో ఆయన తల్లి చాంద్ కౌర్‌ను చంపారు. 1843 సెప్టెంబరు 15న మహారాజా షేర్ సింగ్‌ను, చిన్నవాడైన ఆయన కొడుకును, మంత్రి ధ్యాన్ సింగ్‌ను ఒకే రోజు చంపారు. తరువాత మంత్రి అయిన హీరా సింగ్‌నూ, ఆయన తరువాత వచ్చిన జవాహర్ సింగ్‌నూ సైనికులే చంపారు. 1844 మేలో దర్బారు సైన్యం నౌరంగాబాద్‌లో బాబా బీర్ సింగ్ జీ డేరా మీద ఫిరంగులు పేల్చి, ఆ సాధువును కూడా బలి తీసుకుంది. ఒకప్పుడు సాధువు పిలిస్తే రాజు నడిచి వచ్చాడు. ఇప్పుడు సాధువు దగ్గరికి రాజ్యం ఫిరంగులతో వచ్చింది.

ఇది రాజుల గొడవ, మనకేమి అనుకోకండి. ఈ తుప్పు కింద దాకా ఎలా దిగిందో చూడండి. గద్దె కావలసిన ప్రతివాడికీ సైన్యం మద్దతు కావాలి. షేర్ సింగ్ జీతం పెంచుతానని ఆశ పెట్టారు. హీరా సింగ్ కూడా అదే చేశారు. సైనికుడికి తన తుపాకీకి ధర ఉందని తెలిసింది. ఇంకోవైపు దళాల లెక్కలు రాసే మున్షీలు ఏళ్ల తరబడి సైనికుల జీతాల్లో కోత వేసి తిన్నారు. 1841లో షేర్ సింగ్ లాహోర్ పట్టుకున్నప్పుడు సైనికులు ఆ మున్షీలనూ, తమను వేధించిన అధికారులనూ వెతికి చంపారు, నగరం దోచుకున్నారు. పైవాడు ఖజానా తిన్నాడు, నడిమివాడు జీతం తిన్నాడు, కిందివాడు అంగడి దోచాడు. అంగడివాడు ఎవరికి చెప్పుకోవాలి?

1845 డిసెంబరులో ఆంగ్లేయులతో యుద్ధం మొదలైంది. సైన్యానికి నాయకులు లాల్ సింగ్, తేజ్ సింగ్. ఇద్దరూ తమ సైన్యం గెలిస్తే తమ పదవికి ముప్పు అనుకున్నవారు, శత్రువుతో లోపాయికారీగా మాట్లాడుకున్నవారు. ముద్కీలో, ఫిరోజ్‌షహర్‌లో సిపాయిలు ప్రాణాలకు తెగించి పోరాడారు. 1846 ఫిబ్రవరి 10న సభ్రాఁవ్ దగ్గర తేజ్ సింగ్ ముందే తప్పుకున్నాడు. సత్లజ్ మీది పడవల వంతెన తెగిపోయింది. ముసలి వయసులో తెల్లని బట్టలతో వచ్చిన సర్దార్ శామ్ సింగ్ అటారీవాలా వెనుదిరగకుండా అక్కడే శహీద్ అయ్యారు. వేలమంది పంజాబీ బిడ్డలు నదిలో కొట్టుకుపోయారు. వారిలో ఎవరూ లంచం తిన్నవారు కారు. లంచం తిన్నవారు నది దాటి ఇళ్లకు చేరారు.

మార్చిలో జరిగిన ఒప్పందంలో ఒకటిన్నర కోటి రూపాయల జరిమానా పడింది. ఖజానాలో అంత లేదు. ఫూలా సింగ్ జీ లాంటివారు ప్రాణాలొడ్డి గెలిచిన కాశ్మీరును, అక్కడి ప్రజలను ఒక్క మాటైనా అడగకుండా, 75 లక్షలకు గులాబ్ సింగ్‌కు అప్పగించారు. 1849 మార్చి 29న పంజాబ్ మొత్తం ఆంగ్లేయుల పాలనలోకి పోయింది. పదేళ్ల దలీప్ సింగ్ చేత సంతకం పెట్టించుకున్నారు.

ఇప్పుడు మన కొలిమి దగ్గరికి రండి. పంజాబ్ పోగానే ప్రజల దగ్గరి ఆయుధాలు లాక్కున్నారు. 1878లో వచ్చిన ఆయుధాల చట్టంతో లైసెన్సు లేనిదే ఆయుధం చేయడం, అమ్మడం, దగ్గర పెట్టుకోవడం నేరమైంది. కత్తి చేసే చెయ్యి, మెరుగు పెట్టే చెయ్యి ఖాళీ అయ్యాయి. మనలాంటి కుటుంబాలు బకెట్లకు, చాకులకు, తాళం చెవులకు మళ్లి, ఊరూరా తిరిగి బతకవలసి వచ్చింది. లాహోర్ కోటలో ఎవరో దాచుకున్న బంగారానికి ఎక్కడో కొలిమి ముందు కూర్చున్నవాడు మూల్యం చెల్లించాడు.

అకాల్ తఖ్త్ సంగతి కూడా అంతే. నిర్వహణ సర్కారు నియమించిన మనుషుల చేతిలోకి పోయింది. జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన అధికారి డయ్యర్‌కు ఆ మనుషులే సన్మానం చేశారు. ఫూలా సింగ్ జీ కూర్చున్న చోటు అది! సంగత్ మేల్కొని, జైళ్లకు వెళ్లి, ప్రాణాలు ఇచ్చి, 1925 గురుద్వారా చట్టం వచ్చేదాకా పోరాడితే గాని గురుద్వారాలు తిరిగి సంగత్ చేతికి రాలేదు.

లోపం ఎక్కడుంది?

ఫూలా సింగ్ జీ లాంటివారు మరొకరు ఉంటే బాగుండేది అని చాలామంది అంటారు. మేమూ అలాగే అనుకునేవాళ్లం. ఇప్పుడు వేరే మాట తోస్తోంది. రాజ్యం మొత్తంలో నిలదీసే పని ఒక్క మనిషి మీద వదిలేయడమే లోపం. ఆయన 1823లో పోయారు. సర్బత్ ఖాల్సా అలవాటు అంతకుముందే పోయింది. ఇక అడిగేది ఎవరు? గురు సాహిబ్ ఒక్కరికి కాదు, ఐదుగురికి, సంగత్‌కు ఆ బాధ్యత ఇచ్చారు. ధైర్యవంతుడు రోజూ పుట్టడు. అడిగే అలవాటు మాత్రం రోజూ పెట్టుకోవచ్చు.

మా అనుభవం ఒకటి దాచకుండా చెబుతాం. ఒక బస్తీలో పిల్లల గుర్ముఖి తరగతుల కోసం మేము చందాలు సేకరించాం. పుస్తకంలో రాసుకున్నాం. అయితే బస్సు ఖర్చులకూ, టీలకూ అందులోంచి తీసినది రాయలేదు. సేవకే తిరుగుతున్నాం కదా, ఇది కూడా రాయాలా అనుకున్నాం. ఆదివారం దీవాన్ అయ్యాక ఒక ముసలి మాతాజీ లేచి, తాను ఇచ్చిన ఇరవై రూపాయలు ఎక్కడికి పోయాయో చదివి వినిపించమని అడిగింది. ఆమెకు చదువు రాదు. తాళం చెవులు చేసి బతికే ఇల్లు. మాకు ముందు కోపం వచ్చింది. ఆ కోపమే మాకు గుర్తు చేసింది: మసంద్‌లకు కూడా మొదట ఇలాగే కోపం వచ్చి ఉంటుంది. తీసిన సొమ్ము చిన్నదే, కోపం మాత్రం చిన్నది కాదు. ఆ రోజు సంగత్ ముందు తప్పు ఒప్పుకుని, ఆ డబ్బు తిరిగి వేశాం. వారంపాటు జోడా ఘర్‌లో చెప్పుల సేవ చేశాం. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం లెక్క గట్టిగా చదువుతాం. ఆ మాతాజీ ముందు వరుసలో కూర్చుంటుంది.

సాధ్ సంగత్ జీ, తాళాల సంగతి మనకంటే ఎవరికి బాగా తెలుసు? గోలక్‌కు ఒక్క తాళం వేసి చెవి ఒక్కరి జేబులో పెడితే, ఆయన ఎంత మంచివాడైనా ఆయనకు మనం మేలు చేయడం లేదు. రెండు తాళాలు వేయండి. చెవులు రెండు ఇళ్లలో ఉంచండి. సంగత్ ముందే తెరవండి, ముందే లెక్కించండి. బిరాదరీ పంచాయితీలో తీర్పు చెప్పే పెద్ద కొడుకు తప్పు చేస్తే అందరిలాగే నిలబడాలి. ఇంటి పట్టాకో, రేషన్ కార్డుకో, ధ్రువపత్రానికో మనవాడే మధ్యలో నిలబడి పేదవాడి దగ్గర డబ్బు గుంజితే, మనవాడని ఊరుకోకండి. ఎన్నికలప్పుడు మీ బస్తీ ఓట్లు ఒకరు మొత్తంగా బేరం పెడితే, లాహోర్ సైనికుడి తుపాకీకి ధర కట్టిన రోజు గుర్తు తెచ్చుకోండి.

అడిగేటప్పుడు ప్రేమతో అడగండి, సంగత్ ముందు అడగండి, వెనుక గుసగుసలు వద్దు. ఎవరైనా మిమ్మల్నే అడిగితే, మహారాజా రణ్‌జీత్ సింగ్ చింతచెట్టు దగ్గర నిలబడినట్టు నిలబడండి. తల వంచడం మనకు అవమానం కాదు.

మెరుగు పెట్టడం మన కులవృత్తి అని లోకం అంటుంది. గురువు మనకు ఇచ్చిన సేవ అని మేమంటాం. ఇనుముతో ఆపకండి.

రాతలో తప్పులుంటే గురు సాహిబ్, సంగత్ క్షమించాలి.

వాహిగురు జీ కా ఖాల్సా, వాహిగురు జీ కీ ఫతే!